ఎకాలజీలో అడుగుపెట్టాలంటే: చదువు, శిక్షణ, పరిశోధన, ఉద్యోగాలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. పీజీలో ఎకాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, వైల్డ్‌లైఫ్ బయాలజీ అని మూడు కోర్సులు కనిపిస్తున్నాయి. మూడూ ఒకటేనా? దేనిలో చేరాలి?

ఒకటి కాదు. జీవులకూ వాటి పరిసరాలకూ మధ్య సంబంధాలను చదివే శాస్త్రం ఎకాలజీ. 1866లో జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ దానికి ఆ పేరు పెట్టాడు. ఈ మొక్క ఈ వాలులోనే ఎందుకు ఉంది, ఈ చెరువులో కప్పలు ఎందుకు తగ్గాయి అన్నవి ఎకాలజీ ప్రశ్నలు. గాలి, నీరు, నేలల కాలుష్యం, వ్యర్థాల నిర్వహణ, వాటికి సంబంధించిన చట్టాలు ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎక్కువగా ఉంటాయి. వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎకాలజీలోని ఒక కొమ్మ. అది ఎక్కువగా జంతువుల మీద, వాటి సంరక్షణ మీద నడుస్తుంది.

కోర్సు పేరు చూసి కాకుండా సిలబస్ తెరిచి నిర్ణయించుకోండి. స్టాటిస్టిక్స్ కనీసం రెండు సెమిస్టర్లు ఉందా? విద్యార్థి తనంతట తాను డేటా సేకరించి రాసే డెసర్టేషన్‌కు కనీసం నాలుగు నెలలు ఇస్తున్నారా? తరగతి గది బయట జరిగే ఫీల్డ్ కోర్సు ఉందా? ఈ మూడూ ఉన్న ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ కోర్సు, ఇవేవీ లేని ఎకాలజీ కోర్సు కన్నా మేలు.

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ చదివాను. జంతువుల పేర్లు కూడా పెద్దగా తెలియవు. ఎకాలజీలోకి రావచ్చా?

తప్పకుండా రావచ్చు. ఎకాలజీలో ఇప్పుడు డేటా కుప్పలుగా పేరుకుపోతోంది. దాన్ని సరిగా చదవగలిగేవారే తక్కువ. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి, ఈ రంగంలో ఎక్కువమంది వాడేది అదే. పైథాన్ వస్తే దాన్ని వదులుకోవక్కర్లేదు. మ్యాపుల పనికి క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది.

సాధన చేయడానికి ఉచితంగా దొరికే డేటా బోలెడంత ఉంది. 2001లో మొదలై కోపెన్‌హాగన్ కేంద్రంగా నడిచే జీబీఐఎఫ్ (గ్లోబల్ బయోడైవర్సిటీ ఇన్ఫర్మేషన్ ఫెసిలిటీ)లో ఏ జీవి ఎక్కడ కనిపించిందో చెప్పే రికార్డులు ఉంటాయి. పక్షుల పరిశీలనలకు 2002లో మొదలైన ఈబర్డ్ ఉంది, జంతువుల కదలికల డేటాకు మూవ్‌బ్యాంక్, మొక్కల లక్షణాలకు ట్రై డేటాబేస్ ఉన్నాయి.

డౌన్‌లోడ్ చేసిన వెంటనే మోడల్ నడపొద్దు. కంప్యూటర్ రంగం నుంచి వచ్చినవారు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. జీబీఐఎఫ్ రికార్డుల్లో అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా అని ఉన్నవి దొరుకుతాయి. అది సముద్రం మధ్యలో ఉన్న బిందువు, స్థలం నమోదు కాని రికార్డు అక్కడికి చేరుతుంది. కొన్ని రికార్డులకు దేశం నడిమధ్య బిందువునో, నమూనా భద్రపరిచిన మ్యూజియం ఉన్న చోటునో ఇచ్చేస్తారు. తోటలో నాటిన చెట్టు అడవి చెట్టుగా లెక్కలోకి వస్తుంది. ఇవన్నీ ఏరిన తర్వాత కూడా పెద్ద చిక్కు మిగిలే ఉంటుంది: రోడ్ల పక్కన, ఊళ్ల దగ్గర రికార్డులు దట్టంగా ఉంటాయి, లోపలి అడవిలో పలచగా ఉంటాయి. అది జీవులు ఎక్కడ ఉన్నాయో చెప్పే లెక్క కాదు, మనుషులు ఎక్కడ తిరిగారో చెప్పే లెక్క. ఈబర్డ్‌లోనైతే చూసిన పక్షులన్నీ రాసిన పూర్తి జాబితాలు మాత్రమే తీసుకోండి. ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు అన్నవి మోడల్‌లో చేర్చండి. జాబితాలో పేరు లేకపోతే ఆ పక్షి కనిపించలేదని అనుకోవడానికి పూర్తి జాబితా ఒక్కటే ఆధారం.

జీవుల పేర్ల గురించి బెంగ పెట్టుకోకండి. ఒక గుంపు ఎంచుకోండి, సీతాకోకచిలుకలో గడ్డిజాతులో ఏదైనా సరే. ఆరు నెలలు వారానికి రెండు రోజులు బయటికెళ్లి చూడండి. జీవిని ఎరగకుండా దాని డేటాను శుభ్రం చేయడం సాధ్యం కాదు. ఏ సంఖ్య అసంభవమో చెప్పగలిగేది ఆ జీవిని చూసిన కళ్లే.

ప్రశ్న: ఎమ్మెస్సీ డెసర్టేషన్‌కు నాలుగు నెలల సమయం ఉంది. మంటలు పడిన అడవిలో మొక్కల వైవిధ్యం తగ్గిందా అని చూడాలనుకుంటున్నాను. కాలిన చోట 30 క్వాడ్రాట్లు (మొక్కలు లెక్కించే చతురస్రాలు), కాలని చోట 30 క్వాడ్రాట్లు వేస్తే సరిపోతుందా?

ఈ ప్రశ్నకు కాస్త నిదానంగా జవాబు చెప్పాలి. డెసర్టేషన్లలో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మీరు అనుకున్నది ఒక కాలిన ముక్క, ఒక కాలని ముక్క అయితే మీ దగ్గర ఉన్నవి 60 నమూనాలు కావు. కాలిన చోటు ఒకటి, కాలని చోటు ఒకటి, అంతే. ఆ రెండు చోట్లా నేల వేరై ఉండొచ్చు, వాలు వేరై ఉండొచ్చు, పశువుల మేత వేరై ఉండొచ్చు. క్వాడ్రాట్లు 30 కాదు 300 వేసినా తేడా మంట వల్ల వచ్చిందా, ఆ చోటు వల్ల వచ్చిందా అన్నది విడదీయలేరు. దీన్ని సూడోరెప్లికేషన్ అంటారు. 1984లో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ ఈ విషయం మీద రాసిన వ్యాసం వచ్చిన దగ్గర్నుంచి వైవా (మౌఖిక పరీక్ష)లోనూ, పత్రికల సమీక్షలోనూ ముందు వెతికే లోపం ఇదే.

పరిష్కారం ఏమిటంటే, ఒకదానికొకటి దూరంగా, వేర్వేరు మంటల్లో కాలిన ముక్కలు 8 నుంచి 10 వెతకండి. ప్రతిదానికీ దగ్గరలో నేల, ఎత్తు, వాలు పోలిన కాలని ముక్కను జతగా తీసుకోండి. ఒక్కో ముక్కలో 4 నుంచి 6 క్వాడ్రాట్లు చాలు. 8 జతలు, ముక్కకు 4 చొప్పున తీసుకుంటే మొత్తం క్వాడ్రాట్లు 64, అంటే ఇంచుమించు అంతే. అయినా ఇప్పుడు జవాబుకు బలం ఉంటుంది. విశ్లేషణలో జతను, ముక్కను ర్యాండమ్ ఎఫెక్టులుగా పెట్టి మిక్స్‌డ్ మోడల్ నడపండి, అంటే ఒకే జతలోని, ఒకే ముక్కలోని కొలతలు ఒకదానినొకటి పోలి ఉంటాయన్నది లెక్కలోకి తీసుకునే మోడల్. ఎప్పుడు కాలిందో కూడా నమోదు చేయండి. రెండు నెలల కిందట కాలిన చోటునూ ఐదేళ్ల కిందట కాలిన చోటునూ ఒకే గాటన కట్టకూడదు.

క్వాడ్రాట్ ఎక్కడ పడాలన్నది కాళ్లకు వదిలేయొద్దు. వదిలేస్తే నడవడానికి వీలుగా ఉన్నచోటే పడుతుంది, ముళ్లపొదల్లో పడదు. ఇంట్లోనే మ్యాప్ మీద యాదృచ్ఛికంగా బిందువులు తీసుకుని జీపీఎస్‌లో ఎక్కించుకుని బయల్దేరండి. క్వాడ్రాట్ కొలత కొలిచేదాన్ని బట్టి ఉంటుంది. గడ్డి, చిన్న మొక్కలకు 1 మీటరు × 1 మీటరు, పొదలకు 5 × 5, చెట్లకు 10 × 10 లేదా 20 × 20 మీటర్లు వాడతారు.

చెట్లు కూడా కొలిచేట్టయితే మరో మాట. కాండం వ్యాసాన్ని నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో కొలుస్తారు. వాలులో ఉన్న చెట్టుకు ఆ ఎత్తును ఎగువ వైపు నుంచి లెక్కించాలి. అడుగున పలకల్లాంటి వేర్లు ఉబ్బి ఉంటే వాటికి పైన కొలిచి, ఏ ఎత్తులో కొలిచారో రాయాలి. మామూలు టేపుతో కొలిస్తే వచ్చేది చుట్టుకొలత. దాన్ని 3.1416తో భాగిస్తేనే వ్యాసం. 31.4 సెంటీమీటర్ల చుట్టుకొలత అంటే 10 సెంటీమీటర్ల వ్యాసం. షీటులో ఏది రాశారో శీర్షికలో లేకపోతే, ఇద్దరు కొలిచిన డేటాలో రెండూ కలిసిపోతాయి. మూడు నెలల తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు. పనామాలోని బారో కొలరాడో దీవిలో 50 హెక్టార్ల ప్లాటులో 1980ల ఆరంభం నుంచి 1 సెంటీమీటరు, అంతకు మించిన వ్యాసం ఉన్న ప్రతి కాండాన్నీ మళ్లీ మళ్లీ కొలుస్తూ వస్తున్నారు. చేతులు మారినా ఆ లెక్కలు నిలవడానికి కారణం ఈ చిన్న నియమాలే.

నాలుగు నెలలను ఇలా పంచుకోండి: మొదటి మూడు వారాలు చోట్ల ఎంపిక, అనుమతులు, మొక్కల గుర్తింపు సాధన. నాలుగో వారం రెండు జతల మీద ప్రయోగాత్మకంగా కొలత. ఆ డేటాతోనే విశ్లేషణ కోడ్ మొత్తం రాసి నడపండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఏ కాలమ్ లేదో, ఏ కొలత అక్కర్లేదో అప్పుడే బయటపడుతుంది. తర్వాత ఏడు వారాలు అసలు కొలతలు, మిగిలిన ఐదారు వారాలు విశ్లేషణ, రాత. వర్షానికి, జ్వరానికి, బండి చెడిపోవడానికి ఫీల్డ్ రోజుల్లో ఐదో వంతు వదిలి లెక్కవేసుకోండి.

ప్రశ్న: లైన్ ట్రాన్సెక్ట్ (ముందే నిర్ణయించుకున్న సరళరేఖ) మీద నడిచి లేళ్ల సాంద్రత కట్టాలి. ఎన్ని కిలోమీటర్లు నడవాలో ఎవరిని అడిగినా ఒక్కో లెక్క చెబుతున్నారు.

కిలోమీటర్ల నుంచి మొదలుపెట్టొద్దు, ఎన్నిసార్లు కనిపించాలన్న దాని నుంచి మొదలుపెట్టండి. గీత నుంచి జంతువు ఎంత దూరంలో కనిపించిందో కొలిచి సాంద్రత కట్టే ఈ పద్ధతిని డిస్టెన్స్ శాంప్లింగ్ అంటారు. దూరం పెరిగేకొద్దీ కనిపించే అవకాశం ఎలా తగ్గుతుందో చెప్పే డిటెక్షన్ ఫంక్షన్ నమ్మదగినట్టు రావాలంటే 60 నుంచి 80 డిటెక్షన్లు (జంతువు కంటపడిన సందర్భాలు) కావాలి. గుంపుగా తిరిగే జంతువైతే ఒక గుంపు ఒక డిటెక్షన్. ముందు రెండు మూడు రోజులు నడిచి చూడండి. 10 కిలోమీటర్లలో 5 గుంపులు కనిపించాయనుకుందాం, 70 డిటెక్షన్లకు 140 కిలోమీటర్లు పడుతుంది. 2 కిలోమీటర్ల ట్రాన్సెక్ట్‌లైతే 70 నడకలు, రోజుకు రెండు చొప్పున 35 రోజులు. అన్ని రోజులు లేకపోతే ప్రశ్న మార్చుకోవాలే గాని లెక్క కుదించకూడదు. ట్రాన్సెక్ట్‌లు కనీసం 10 నుంచి 20 వేర్వేరు చోట్ల ఉండాలి. ఒకే దారిలో 70 సార్లు నడిస్తే ఆ దారి గురించే తెలుస్తుంది.

ఈ పద్ధతి మూడు షరతుల మీద నిలబడుతుంది. గీత మీదే ఉన్న జంతువు తప్పకుండా కంటపడాలి. మిమ్మల్ని చూసి కదలకముందు ఉన్నచోటు నుంచే దూరం తీసుకోవాలి. దూరం, కోణం పరికరంతో కొలవాలి. కంటి అంచనాతో రాస్తే సంఖ్యలన్నీ 10, 20, 50 దగ్గర గుమిగూడతాయి, గ్రాఫు గీయగానే అది పట్టుబడుతుంది. గంటకు కిలోమీటరు నుంచి ఒకటిన్నర కిలోమీటర్ల వేగంతో నడవండి. జంతువుల దారులు, బండి బాటల వెంట ట్రాన్సెక్ట్ వేయొద్దు. లేళ్లు బాటను వాడుకున్నా, తప్పించుకు తిరిగినా సాంద్రత తప్పుగానే వస్తుంది.

ప్రశ్న: చిన్న క్షీరదాల మీద మార్కింగ్ చేశాం. మొదటిసారి 50 పట్టి గుర్తుపెట్టి వదిలాం. రెండోసారి 60 చిక్కాయి, వాటిలో 15కు గుర్తులున్నాయి. జనాభా 200 అని రాయొచ్చా?

50ని 60తో గుణించి 15తో భాగిస్తే 200 వస్తుంది, అది లింకన్–పీటర్సన్ సూత్రం. నమూనా చిన్నది కాబట్టి చాప్మన్ సవరణ వాడండి: 51 × 61 ÷ 16, అందులోంచి 1 తీసేస్తే సుమారు 193. ఏది రాసినా పక్కన కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు సంఖ్య ఉండగల పరిధి) ఇవ్వాలి. 15 రీక్యాప్చర్లతో (గుర్తుతో మళ్లీ చిక్కినవాటితో) ఆ పరిధి చాలా వెడల్పుగా ఉంటుంది, దాన్ని దాచకండి.

అసలు చూడాల్సింది షరతులు. రెండు పట్టుల మధ్య పుట్టుక, చావు, వలస ఉండకూడదు కాబట్టి విరామం కొద్ది రోజులకు మించకూడదు. గుర్తులు రాలిపోకూడదు. బోనులో తిండి రుచి మరిగిన ఎలుక మళ్లీ మళ్లీ వస్తే జనాభా తక్కువగా వస్తుంది, బెదిరినది రాకపోతే ఎక్కువగా వస్తుంది. ఈ అనుమానం ఉన్నప్పుడు రెండు సార్లతో ఆపకుండా ఐదారు రాత్రులు పట్టి, ఆ తేడాను లెక్కలోకి తీసుకునే మోడల్ వాడాలి. జంతువును చేతపట్టే ఏ పనికైనా సంస్థ ఎథిక్స్ కమిటీ ఆమోదం, ప్రభుత్వ అనుమతి ముందుగానే ఉండాలి. అవి లేని డేటాను పత్రికలు తీసుకోవు. అసలు అనుమతి లేకుండా పట్టడమే తప్పు.

ప్రశ్న: ఫీల్డ్ అసిస్టెంట్‌గా చేరమంటున్నారు. జీతం లేదు, పైగా భోజనం, బస ఖర్చు నేనే పెట్టుకోవాలట. అనుభవం వస్తుంది కదా అని చేరనా?

ఖర్చు మీరే పెట్టుకుని నెలల తరబడి వేరొకరి డేటా సేకరించే పనిలో చేరవద్దని మా సలహా. ఇలాంటి పనులు ఇంట్లో డబ్బున్నవారికి మాత్రమే తలుపు తెరుస్తాయి. ఈ రంగానికి అది చేటు. రెండు మూడు వారాల శిక్షణ వేరు: నేర్పేవారికి రుసుము కట్టి నేర్చుకోవడంలో తప్పు లేదు. తేడా ఏమిటంటే, శిక్షణలో రోజూ మీకు నేర్పే మనిషి ఉంటాడు, మీ సొంత ప్రాజెక్టు ఉంటుంది. కోస్టారికాలో ఆర్గనైజేషన్ ఫర్ ట్రాపికల్ స్టడీస్ 1963 నుంచి ఇలాంటి ఫీల్డ్ కోర్సులకు పేరుపొందింది. ట్రాపికల్ బయాలజీ అసోసియేషన్ కూడా ఇలాంటి కోర్సులు నడుపుతుంది. స్కాలర్‌షిప్ ఉందా అని రాసి అడగండి. కొన్ని కోర్సుల్లో ఉంటాయి.

పని ఒప్పుకునే ముందు ఇవి రాతపూర్వకంగా తెలుసుకోండి: రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని సెలవులు, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, అక్కడికి తీసుకెళ్లే వాహనం ఎవరి దగ్గర ఉంటుంది, బీమా ఉందా, ఫోన్ సిగ్నల్ లేకపోతే సంప్రదించే మార్గం ఏమిటి, వేధింపులు ఎదురైతే క్యాంపు అధిపతి కాకుండా మరెవరికి చెప్పాలి. ఆఖరి ప్రశ్నకు జవాబు లేని చోటికి వెళ్లకండి. డేటా మీద పేరు విషయం కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. చెప్పినట్టు కొలిచి ఇచ్చినవారికి కృతజ్ఞతల్లో పేరు వస్తుంది. పద్ధతి రూపొందించడంలో, విశ్లేషణలో, రాతలో పాలుపంచుకుంటే రచయితల్లో చోటు అడగడం న్యాయం.

ప్రశ్న: పీహెచ్‌డీ కోసం విదేశీ ప్రొఫెసర్లకు రాస్తున్నాను. ఒక్కరూ జవాబివ్వడం లేదు. పంపుతున్న ఉత్తరం నమూనా జతచేశాను. అందులో లోపమా?

మీరు జతచేసిన నమూనా చూశాం. లోపం ఉత్తరంలోనే ఉంది. మొదటి పేరాలో వారి పరిశోధన గొప్పదని ఉంది, రెండో పేరాలో మీరు కష్టపడి పనిచేస్తారని ఉంది. ఈ రెండూ ఎవరైనా ఎవరికైనా రాయగలిగిన మాటలు. పేరు మార్చి యాభైమందికి పంపిన ఉత్తరమని చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

మొత్తం 200 పదాలు దాటకుండా ఇలా రాయండి. సబ్జెక్టు గీతలోనే ఏం అడుగుతున్నారో, ఏ సంవత్సరం ప్రవేశమో, ఏ అంశమో చెప్పండి. మొదటి రెండు వాక్యాల్లో మీరెవరు, ఏం కావాలి. తర్వాత వారి పత్రం ఒకటి తీసుకుని, అందులోంచి మీకు పుట్టిన ప్రశ్న. ఉదాహరణకు: ‘చిన్న అడవి ముక్కల్లో తేనెటీగల రాక తగ్గిందని చూపారు. పూలు తక్కువ కావడం వల్లనా, ముక్కల మధ్య దూరం వల్లనా అన్నది విడదీయడానికి కుండీల్లో పూలమొక్కలను సమాన సంఖ్యలో పెట్టి చూడొచ్చా?’ ప్రశ్న సరైనదే కానక్కర్లేదు, మీరు చదివి ఆలోచించారని తెలిస్తే చాలు. ఆ తర్వాత మీరు చేయగలిగింది లెక్కతో: ఎన్ని ప్లాట్లు, ఏ జీవులు, ఏ మోడల్. ‘ఆర్ తెలుసు’ అనకుండా మీ కోడ్ ఉన్న లింకు ఇవ్వండి. చివర్లో ఫెలోషిప్ ఉందా, లేక వారి నిధులతోనే చేరాలా అన్నది దాచకుండా చెప్పండి. రెండు పేజీల సీవీ ఒక్కటే పీడీఎఫ్‌గా జతచేయండి. సర్టిఫికెట్ల స్కాన్లు పంపొద్దు. రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, అప్పటికీ జవాబు లేకపోతే వదిలేయండి.

ఎప్పుడు రాయాలన్నదీ ముఖ్యమే. అమెరికా, కెనడాల్లో చాలా విభాగాలకు దరఖాస్తు గడువు డిసెంబరు, జనవరిల్లో ముగుస్తుంది, అంతకుముందే గైడ్ ఒప్పుకుని ఉండాలి. ఆగస్టు నుంచి అక్టోబరు లోపు రాయండి. జర్మనీ, నెదర్లాండ్స్, నార్డిక్ దేశాల్లో పీహెచ్‌డీ చాలావరకు జీతమిచ్చే ఉద్యోగం. అక్కడ ప్రకటన చూసి దానికే దరఖాస్తు చేయాలి. ఆ ప్రకటనలు ఐరోపా పరిశోధన ఉద్యోగాల పోర్టల్ యూరాక్సెస్‌లో దొరుకుతాయి. ఐరోపా సమాఖ్య నిధులిచ్చే మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్ ఉద్యోగాలకు ఒక నియమం ఉంది: చేరే తేదీకి ముందు 36 నెలల్లో, ఆతిథ్య దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. అదే దేశంలో రెండేళ్ల మాస్టర్స్ ఇప్పుడే పూర్తిచేసినవారు ఈ నియమం దగ్గరే ఆగిపోతారు, కాబట్టి దేశాన్ని ముందే చూసుకోండి.

ప్రొఫెసర్ ఒప్పుకున్నాక సంతకం పెట్టేముందు ఆ ల్యాబ్‌లో ఉన్న ఇద్దరు విద్యార్థులతో, బయటికెళ్లిన ఒకరితో మాట్లాడండి. పీహెచ్‌డీ ఎన్నేళ్లలో పూర్తవుతోంది, రాత ప్రతులు గైడ్ దగ్గర ఎన్నాళ్లు ఉంటాయి, మధ్యలో మానేసినవారు ఎందుకు మానేశారు అని అడగండి. పీహెచ్‌డీ సాఫీగా సాగడానికి అంశం కన్నా గైడ్ ఎక్కువ ముఖ్యం.

ప్రశ్న: మోకాలి సమస్య వల్ల కొండలెక్కలేను. ఎకాలజీ నాకు కాదని చెప్పేశారు.

అలా చెప్పినవారిది పొరపాటు. ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ, జనాభా మోడలింగ్, మ్యూజియం నమూనాల మీద పని, నీటిలో, మట్టిలో మిగిలిన డీఎన్‌ఏతో జీవులను గుర్తించే ఈడీఎన్‌ఏ పని, ధ్వని రికార్డింగుల విశ్లేషణ, ఇవన్నీ పూర్తిస్థాయి ఎకాలజీయే.

ధ్వని పనినే చూడండి. రికార్డర్ శాంప్లింగ్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు నమోదు చేస్తుందన్న లెక్క) మనం వినాలనుకునే అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ ఉండాలి. పక్షులకు 48 కిలోహెర్ట్జ్ చాలు, గబ్బిలాలకు 256 లేదా 384 కావాలి. ఇది తెలియక పక్షుల సెట్టింగులతో గబ్బిలాలను రికార్డు చేస్తే నెలల శ్రమ వృథా. బర్డ్‌నెట్ లాంటి ప్రోగ్రాములు కూతలను గుర్తించి ఒక స్కోరు ఇస్తాయి. ఆ స్కోరు సంభావ్యత కాదు. 0.8 అంటే నూటికి 80 సార్లు సరైనదని అర్థం చేసుకోకూడదు. ఒక్కో జాతికి వేర్వేరు స్కోర్ల నుంచి కనీసం 50, 100 క్లిప్పులు తీసి చెవితో విని, ఏ స్కోరు దగ్గర ఎంతవరకు నమ్మొచ్చో ఆ జాతికి విడిగా తేల్చాలి. ఓపిగ్గా కూర్చుని ఈ పని చేసేవారి కోసం ల్యాబులు వెతుకుతున్నాయి. ఈడీఎన్‌ఏలోనైతే ఫీల్డ్ నుంచి ల్యాబు దాకా ప్రతి దశలోనూ శుద్ధమైన నీటితో ఒక ఖాళీ నమూనా నడపాలి. అందులో చేప డీఎన్‌ఏ కనిపిస్తే మీ చెరువులో చేప ఉందన్న మాటకూ విలువ లేదు.

ప్రశ్న: పరిశోధన కాకుండా ఉద్యోగాలు ఏమున్నాయి? కన్సల్టెన్సీల్లో చేరితే ఏం చేయిస్తారు?

పర్యావరణ ప్రభావ అంచనా సంస్థలు, అడవులు, చిత్తడి నేలల పునరుద్ధరణ ప్రాజెక్టులు, సంరక్షణ సంస్థలు, రక్షిత ప్రాంతాల నిర్వహణ, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల పని), డేటా మేనేజర్ ఉద్యోగాలు, మ్యూజియంలు, సైన్స్ రచన ఉన్నాయి. ఎక్కువ ఖాళీలు మొదటి రెండింటిలోనే.

కన్సల్టెన్సీలో అడిగేవి మూడు: జాతులను తడబడకుండా గుర్తించడం, గడువులోపు స్పష్టంగా నివేదిక రాయడం, ఆ దేశ చట్టం తెలిసి ఉండడం. పనిలో వరుస ఇలా ఉంటుంది: నష్టాన్ని తప్పించడం, తప్పకపోతే తగ్గించడం, జరిగినదాన్ని బాగుచేయడం, మిగిలినదానికి మరోచోట పరిహారం. అందరూ నేరుగా నాలుగో మెట్టుకు దూకాలని చూస్తారు. మొదటి మెట్టు దగ్గరే గట్టిగా నిలబడడం మీ వృత్తి బాధ్యత.

ఇక్కడ తరచూ జరిగే తప్పు, ఒకే రుతువులో సర్వే ముగించడం. వానల్లో మాత్రమే మొలిచే మొక్కలు ఎండాకాలం సర్వేలో కనపడవు, వలస పక్షులు సగం ఏడాది ఉండవు. ఒక్కసారి వెళ్లి ‘కనిపించలేదు’ అని రాయడం రెండో తప్పు. ఒక జీవి ఉన్నచోట ఒక సందర్శనలో కనిపించే అవకాశం 0.3 అయితే, మూడుసార్లు వెళ్లినా కనిపించకుండా పోయే అవకాశం 34 శాతం. ఎనిమిదిసార్లు వెళ్తే సుమారు 6 శాతానికి దిగుతుంది. ‘లేదు’ అన్న మాట రాసేముందు ఈ లెక్క నివేదికలో ఉండాలి. ప్రాజెక్టు ప్రభావం తేల్చాలంటే మొదలుకాకముందూ తర్వాతా, ప్రభావం పడే చోటా పడని చోటా కొలవాలి. ముందు డేటా లేకపోతే తర్వాత ఎంత కొలిచినా ఆ లోటు తీరదు. కాబట్టి ఉద్యోగంలో చేరగానే ఆ షెడ్యూలు అడగండి.

ప్రశ్న: ఫీల్డ్ డేటా ఎక్సెల్‌లో ఎక్కిస్తే తేదీలన్నీ తారుమారయ్యాయి. ఎలా జాగ్రత్తపడాలి?

05/04 అన్నది ఏప్రిల్ 5వ తేదీనా, మే 4వ తేదీనా అన్నది కంప్యూటర్ సెట్టింగును బట్టి మారుతుంది. 2025-04-05 అని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాయండి, లేదా మూడింటికీ మూడు కాలమ్‌లు పెట్టండి. ఒక వరుసలో ఒకే పరిశీలన ఉండాలి. రంగులతో అర్థం చెప్పొద్దు, ఫైలు ఆర్‌లోకి వెళ్లగానే రంగులు పోతాయి. వెతికి చూసినా లేకపోతే 0, అసలు వెతకకపోతే ఎన్ఏ (డేటా లేదని అర్థం). ఖాళీ గడి వదిలితే ఈ రెండింటిలో ఏదో ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు.

అక్షాంశ రేఖాంశాలు దశాంశాల్లో, కనీసం నాలుగు అంకెలతో రాయండి. నాలుగో అంకె దగ్గర తేడా సుమారు 11 మీటర్లు, రెండు అంకెలతో ఆపేస్తే కిలోమీటరు దాకా తప్పొచ్చు. డేటమ్ (అక్షాంశ రేఖాంశాలకు ఆధారమైన కొలమానం) డబ్ల్యూజీఎస్ 84 అని షీటు మీద రాయండి. కెమెరా ట్రాప్‌లు (జంతువు ఎదుటికి రాగానే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు) ఉంటే పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఫోన్ గడియారాన్ని కెమెరాకు చూపించి ఒక ఫొటో తీయించండి. బ్యాటరీ మార్చినప్పుడు గడియారం మొదటికి పోయిన కెమెరాను సరిచేయడానికి ఆ ఫొటో ఒక్కటే దారి.

ఫీల్డ్‌లో పెన్సిల్‌తో రాయండి, సిరా తడికి కారిపోతుంది. ఆ సాయంత్రమే షీట్లను ఫొటో తీసి రెండు వేర్వేరు చోట్ల దాచండి. రాసిన ముడి ఫైలును ఎన్నడూ దిద్దొద్దు. దిద్దుబాట్లన్నీ కోడ్‌లోనే చేయండి, ఎందుకు దిద్దారో పక్కనే ఒక వాక్యం రాయండి. మీ ఫైలులో ఇప్పటికే తారుమారైన తేదీలను ఊహతో సరిచేయకండి. కాగితం షీట్లు తీసి ఒక్కొక్కటి పోల్చండి. కాగితం దొరకని వరుసలను విశ్లేషణలోంచి తీసేసి, ఎన్ని తీశారో డెసర్టేషన్‌లో రాయండి.